ప్రింటర్‌లో పసుపు

మా ఆయన చెయ్యి వణకడం మొదలై అప్పటికి రెండేళ్లు. మొదట్లో చాయ్ తాగుతుంటే కప్పూ సాసరూ టకటకలాడేవి. తరువాత చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాలేదు. అవన్నీ నేను సర్దుకున్నాను. కప్పు తీసేసి స్టీలు గ్లాసులో సగానికి పోసి ఇచ్చాను, గుండీలు నేనే పెట్టాను. కానీ ఆయన బతుకంతా రాత. సిద్దిపేటలో ఒక ఆఫీసు గోడ పక్కన, రేకుల పందిరి కింద, ఒక బల్ల, ఒక కుర్చీ, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ వేసుకుని ఇరవై ఎనిమిదేళ్లు జనానికి అర్జీలు రాసిపెట్టిన మనిషి. అందరూ మున్షీ సారు అనేవాళ్లు. ఆ చెయ్యే వణికితే నేనేం పెట్టి సర్దను?

ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరి అర్జీ అయినా సరే, రాయబోయే ముందు తెల్ల కాయితం నాలుగు మూలలకూ తడి పసుపు అద్దేవాడు. లగ్నపత్రికకు ఎట్లా అద్దుతారో అట్లాగే. బల్ల సొరుగులో ఒక పసుపు డబ్బీ, ఒక నీళ్ల సీసా ఎప్పుడూ ఉండేవి. మున్షీ సారు పసుపు పెట్టి రాస్తే పని అయి తీరుతుందని పల్లెల్లో పేరు పడింది. నాకైతే అది వట్టి చాదస్తం అనిపించేది. ఆ పసుపు కొమ్ములు ఎండబెట్టి దంచి డబ్బీ నింపేదాన్ని నేనే కనుక అట్లా అనే హక్కు నాకుంది.

ఒకరోజు పొద్దున ఒక ముసలమ్మ మా ఇంటికే వచ్చింది. ఆమెది తొగుట వైపు ఊరు. ఆ ఊరు రిజర్వాయర్ కింద మునిగిపోయింది. ఇప్పుడు కొత్తగా కట్టిన కాలనీలో ఒక్కతే ఉంటుంది. రేషన్ కార్డు మీదా, పింఛను కాయితం మీదా ఇంకా ఆ లేని ఊరి పేరే ఉంది. దాన్ని కాలనీ చిరునామాకు మార్చమని మా ఆయన చేత అర్జీ రాయించుకుంది. ఇరవై ఏళ్లుగా ఆమె ఏ కాయితమైనా ఈయన దగ్గరే రాయించుకుంటుంది.

"సారూ, కాయితం వాపస్ ఇచ్చిన్రు," అంది గడప దగ్గరే నిలబడి. "అచ్చరాలు సమజైతలేవట. టైపు కొట్టిచ్చుకోని రమ్మన్నరు."

ఆమె మామూలుగానే అంది. ఈయన ఆ కాయితం తీసుకున్నాడు, చూశాడు, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఈయన రాసిన అర్జీ తిరిగి రావడం అదే మొదటిసారి.

"టైపు షాపుల కొట్టిచ్చుకో అవ్వా," అన్నాడు.

"నేను పోను. నాకు వాళ్లెవలు ఎర్కలేదు. నువ్వే చేసియ్యి. ఎప్పుడైతదో చెప్పు, అప్పుడే వస్త," అని ఆమె వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఈయన బల్ల దగ్గరికి పోలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే ఊ అనేవాడు. రెండు ముద్దలు తిని చాలనేవాడు. వారం గడిచింది. అత్తమ్మ దేవుళ్లకు మొక్కుతూ కూర్చుంది. నాకు మొక్కే ఓపిక లేదు, నాకు కోపం వస్తుంది. "ఇగో, లేస్తవా లేవవా?" అని అరిచాను ఒక సాయంత్రం. అప్పుడు ఈయన గోడకేసి చూస్తూనే అన్నాడు: "వచ్చే సోమారం అవ్వ కాయితం గిట్ట తయారు కాకపోతే, పోయి ఆ బల్ల తీసుకరాండ్రి. గాడ జాగ ఖాళీ చేద్దాం."

నిజం చెబుతున్నాను, బల్ల తీసిన రోజు ఈ మనిషి ఇక మంచం దిగడు. అది నాకు డాక్టరు చెప్పక్కరలేదు.

మీరు అడుగుతారు, టైపు షాపులో కొట్టిస్తే పోయేది కదా అని. ఆ టైపు షాపులు మూడూ ఈయన బల్ల ఉన్న వరుసలోనే ఉన్నాయి. మున్షీ సారు పెళ్లాం అర్జీ పట్టుకుని మా దగ్గరికొచ్చిందని పది నిమిషాల్లో ఆ వరుసంతా చెప్పుకునేవాళ్లు. ఆ తరువాత ఈయన అటు మొహం పెట్టేవాడా? అందుకే ఇంట్లోనే కంప్యూటర్ పెట్టాలనుకున్నాను. ముసలమ్మకు సోమవారం రమ్మని కబురు చేశాను. పెళ్లికి ముందు నేను టైపు నేర్చుకున్నాను, తెలుగు లోయర్ పాసయ్యాను. నేను కొడతాను, ఈయన చెబుతాడు, ఇద్దరం కలిసి ఆ బల్ల నిలబెడతాం అనుకున్నాను. నా మొహం, ఎంత తేలిగ్గా అనుకున్నానో!

మా తమ్ముడు ఇంటర్నెట్ సెంటర్ మూసేశాడు. అందులోని ఒక కంప్యూటర్ శనివారం ఆటోలో పంపాడు. అదే రోజు నేను కొత్త ప్రింటర్ కొనుక్కొచ్చాను. "ప్లగ్గు పెట్టుడే మేడం, ఇగ మీరు చేసేదేం లేదు," అన్నాడు షాపతను. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి మొదలుపెట్టాను. అత్తమ్మ వచ్చి కంప్యూటర్ నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. టెంకాయ కొడదామంది. "అది పని చేసినంక కొట్టు అత్తమ్మా," అన్నాను.

వైర్లు ఎక్కడివక్కడ పెట్టాను. తెర వెలిగింది. టైపు కొట్టే దాన్ని తెరిచాను. పైన ఒక ఎర్ర పట్టీ వచ్చింది, గడువు తీరిపోయిందంది. ఒక్క అక్షరం కూడా కొట్టనివ్వలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కుకునూరుపల్లిలో ఏదో పెళ్లిలో ఉన్నాడు. వెనక బ్యాండు మోత.

"అక్కా, దాని లైసెన్స్ అయిపోయినట్టుంది. ఫ్రీగ దొరికేది ఇంకోటుంటది, డౌన్‌లోడ్ చేసుకో."

"ఎట్ల చేయాల్రా?"

"ఫోన్ల నుంచి నెట్ ఇయ్యాలె కంప్యూటర్‌కు."

"ఫోన్ల నీతోని మాట్లాడ్తున్న గదరా!"

"బావ ఫోను లేదా?"

బావ ఫోను దిండు పక్కన ఉంది. అడిగితే ఈయన చూడకుండానే చెయ్యి చాపి ఇచ్చాడు. ఆ ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, వాడు చెప్పినట్టు ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. గీత నిండుతుంది, ఆగుతుంది, మళ్లీ నిండుతుంది. అది పూర్తయ్యేసరికి ఆ ఫోన్‌లో ఆ రోజుకిచ్చే నెట్ అయిపోయింది. ఇక ప్రింటర్. దాని డబ్బాలో ఒక సీడీ ఉంది, ఈ కంప్యూటర్‌కు సీడీ పెట్టే జాగానే లేదు. అదీ నెట్ నుంచే తెచ్చుకోవాలట. దీని పాడుగాను! ఈసారి నా ఫోన్ పెట్టాను. నాలుగు రంగుల సిరా నాలుగు గుంతల్లో పోశాను. నల్లది నా చీర మీద కూడా పడింది. పడనీ అనుకున్నాను.

పదకొండు గంటలకు ప్రింటర్ గుర్రుమని ఒక కాయితం బయటికి వదిలింది. రంగురంగుల గీతలు, అడుగున నాలుగు వాక్యాలు. అంతే, దాన్ని పట్టుకుని మంచం దగ్గరికి ఉరికాను.

"ఇగో, సూడు! అచ్చయింది! మన ఇంట్లనే అచ్చయింది!"

ఈయన తల తిప్పి ఆ కాయితాన్ని చూశాడు. నన్ను చూశాడు. పది రోజుల తరువాత నా మొహం చూడటం అదే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దిండు కింది అర్జీ తీసి ఇచ్చాడు.

అది పెట్టుకుని కొట్టడానికి కూర్చున్నాను. ఆఫీసువాళ్లకు చదవరాని ఆ అక్షరాలు నాకు బాగానే తెలిశాయి. ఆ వణుకును రోజూ చూస్తున్నదాన్ని, ఏ గీత ఎటు పోబోయి ఎటు పోయిందో నాకు తెలుసు. వేళ్లే పాత టైపు మిషను జాగాలకు పోతున్నాయి, ఒకటి కొడితే ఒకటి పడుతోంది. ఒంటి గంట దాకా కొట్టాను. చివర దస్తూరి అనే చోట ఆయన పేరు పెట్టాను. అర్జీ ఎవరి చేతి రాతో ఆ మనిషి పేరు కింద రాయడం ఈ పనిలో ఆనవాయితీ. ఆ తరువాత పొయ్యి మీద సర్వపిండి వేసి వద్దామని వంటింట్లోకి పోయాను. ఆ అరగంటే నా కొంప ముంచింది.

తిరిగొచ్చి ప్రింట్ నొక్కాను. ప్రింటర్ ఒక్కసారిగా ఐదారు కాయితాలు కలిపి మింగింది. లోపల టకటకమని కొట్టుకుంది. ఆగిపోయింది. రెండు ఎర్ర లైట్లు మెరవడం మొదలైంది. వెనక నిలబెట్టిన కాయితాల కట్ట చేతిలోకి తీసుకున్నాను. ప్రతి కాయితం మూలలూ పసుపుతో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒకచోట అద్ది, ఒకచోట కారి, ఒకచోట పొడి పొడిగా పడి. మూత తెరిచి చూస్తే లోపల అంతా పసుపే. కాయితాన్ని లాగే రబ్బరు చక్రాల మీద ముద్ద కట్టింది. చిరిగిన కాయితం మూల ఒకటి లోపలి పళ్ల చక్రంలో ఇరుక్కుంది.

"అత్తమ్మా!"

నా గొంతుకు ఆమె పరుగున వచ్చింది.

"ఎవలు పెట్టుమన్నరు గీ పసుపు? పొద్దుగాల చెప్పిన్నా లేదా నీకు?"

ఆమె ప్రింటర్ వైపు చూసింది. మంచం వైపు చూసింది. తల దించుకుంది. "నేనే పెట్టిన బిడ్డా. కొత్త వస్తువాయె."

ఇక నా నోటికి పట్టపగ్గాలు లేవు. అనరానివి అన్నాను. ఉన్న ఒక్క కొడుకునూ నీ చేతులతోనే మంచానికి కట్టేశావు అన్నాను. రేపు ఆ బల్ల తెచ్చి నీ నెత్తిన పెట్టుకో అన్నాను. ఎనభై ఏళ్ల మనిషి. ఎప్పుడూ నా మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆ రోజు ఒక్క మాట తిరిగి అనలేదు. పోయి గడప దగ్గర కూర్చుంది. ఈయన దుప్పటి మెడ దాకా కప్పుకుని గోడ వైపే ఉన్నాడు.

బిల్లు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆదివారం, షాపు మూసి ఉంది, అయినా అతను ఎత్తాడు.

"లోపల ఏమన్న పడ్డదా మేడం?"

"పసుపు."

"ఏందీ?"

"పసుపు, పసుపు! కూరల ఏసుకునే పసుపు!"

"సర్వీస్‌కు పంపాలె మేడం. పది రోజులైతది," అన్నాడు.

పది రోజులు! నాకు ఒక పూట ఉంది. తమ్ముడికి చేస్తే వాడు బ్యాండు మోతలో "పసుపా? పసుపా అక్కా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

నేల మీద కూర్చుని, దూది తడిపి, పళ్ల బ్రష్షుతో, తలపిన్నుతో ఆ చక్రాలను గీకడం మొదలుపెట్టాను. తుడిచేకొద్దీ వస్తూనే ఉంది. పసుపు సంగతి ఆడవాళ్లకు చెప్పాలా, గోడకంటితే గోడ సున్నం వేసే దాకా పోదు. ఏడుస్తూ తుడిచాను. సిగ్గేం లేదు, గట్టిగానే ఏడ్చాను. బల్ల పోయింది, మనిషి పోయాడు, ఈ పాడు డబ్బాతో ఆడుకుంటూ కూర్చున్నాను అనుకున్నాను.

నాలుగు గంటలకు గుర్తొచ్చింది, ఈయన అన్నం తినలేదని. సర్వపిండి తుంపి పళ్లెంలో పెట్టి తీసుకుపోయాను.

"వద్దు," అన్నాడు.

"తిని సావు," అన్నాను. నోరు జారింది. పళ్లెం మంచం మీద పెట్టి దుప్పటి లాగాను.

రెండు చేతులూ పసుపు. వేళ్లకు, గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో, మణికట్టు దాకా. దుప్పటి లోపలి వైపు కూడా పసుపు. చెయ్యి బాగున్నప్పుడు చిటికెడు పసుపు చూపుడువేలి కొసకు తప్ప అంటేది కాదు.

"నువ్వా?"

ఈయన చేతులు దాచుకోవడానికి చూశాడు. ఆ వణుక్కి అవి ఎక్కడా ఆగలేదు.

"ఉత్త కాయితం ఎట్ల పంపుతమే?" అన్నాడు. "రాత నువ్వు కొట్టినవ్. పసుపన్న నాదుండాలె అనుకున్న. ఒక్క కాయితానికే పెడ్దామనుకున్న, దేవుని కాడి డబ్బీ చేతుల ఆగలేదు."

నేను పళ్లెం పక్కన అట్లాగే కూర్చుండిపోయాను. తరువాత లేచాను. గడప దగ్గరికి పోయి అత్తమ్మ ముందు నిలబడ్డాను. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నన్ను తిడితె నేను పడ్త బిడ్డా," అంది. "వాడు పడడు."

ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె నా తల మీద ఒకటి వేసి, "లే, పోయి ఆ మిషను సంగతి సూడు," అంది.

సూర్యుడు గోడ దిగేవేళకు ఆ చక్రాలు కొంచెం కాయితాన్ని పట్టడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క కాయితమే చేత్తో అందించాను. ఒకటి సగంలో ఆగింది. ఒకటి ఏటవాలుగా వచ్చింది. ఒకదాని మీద అక్షరాల నడుమ తెల్లగీతలు. ఎన్నో పోయాక ఒక్కటి, ఒకే ఒక్కటి, మొదటి నుంచి చివరి దాకా సక్కగా వచ్చింది. ఎడమ అంచు వెంట పైనుంచి కిందికి పసుపు చక్రం గుర్తులు ఉన్నాయి. ఇంకోటి తీద్దామని పెడితే ప్రింటర్ లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది. ఇక లేవలేదు.

ఆ ఒక్క కాయితాన్ని ఈయన దగ్గరికి తీసుకుపోయాను. చేతిలో పట్టుకుంటే అక్షరాలు ఆగవని మంచం మీద పరుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "విన్నపం దగ్గర జాగ ఎక్కువ ఇడ్వాలె," అన్నాడు. తప్పు పట్టాడు! నాకు ప్రాణం లేచొచ్చింది. బల్ల దక్కింది అనుకున్నాను. కింది దాకా వచ్చాడు. దస్తూరి దగ్గర ఆగాడు.

"గిది నా పేరేంది?"

"నీ అర్జీ గద."

"దస్తూరి అంటే చెయ్యి. చెయ్యెవలిదో వాళ్ల పేరుండాలె. ఇరవై ఎనిమిదేండ్లు అబద్ధం దస్తూరి పెట్టలే నేను." కలం అడిగాడు.

"వద్దయ్యా," అన్నాను. "ఒక్కటే వచ్చింది కాయితం. ఇంకోటి రాదు. నీకు దండం పెడ్త."

కలం ఆయనే తీసుకున్నాడు. తన పేరు మీద గీత గీశాడు. అది కొండలెక్కి దిగుతూ పక్క పదం మీదికి కూడా పోయింది. "పక్కకు నీ పేరు రాయి," అని కలం నాకిచ్చాడు. నేను రాయనన్నాను. ఆయన కలం పట్టుకునే ఉన్నాడు, అది గాలిలో వణుకుతూనే ఉంది. ఎంతసేపని చూడను? తీసుకుని రాశాను.

సోమవారం ఎనిమిదింటికి ముసలమ్మ వచ్చింది. చదువు రాదు కాబట్టి కాయితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. ఎడమ అంచు పసుపును వేలితో తడిమింది.

"పసుపు సారుదేనా?"

"ఆయనదే అవ్వా."

"ఇగ అయితది," అని కాయితాన్ని కళ్లకద్దుకుంది.

ఈయన అప్పటికే లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను గుండీలు పెట్టాను. ముగ్గురం కలిసి ఆఫీసుకు నడిచాం. కాయితం లోపల ఇచ్చి ముసలమ్మ బయటికి వచ్చేసరికి ఈయన పందిరి కింద బల్ల మీది పదకొండు రోజుల దుమ్ము భుజం మీది తువ్వాలతో తుడిచాడు. నేను కుర్చీ జరిపి ఆయన కోసం పట్టుకున్నాను. ఆయన కుర్చీ చుట్టూ తిరిగి అవతలికి పోయి, జనం కూర్చునే బెంచీ మీద, ముసలమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఇటు రా," అన్నాను. కుర్చీ మీది చెయ్యి తీయలేదు.

"కూసో," అన్నాడు.

కూర్చున్నాను. ఆ కుర్చీ నాకు ఎత్తయింది, కాళ్లు నేలకు సరిగా ఆనలేదు. కాసేపటికి అక్కన్నపేట నుంచి వచ్చానంటూ ఒకతను చేతిలో పట్టా కాయితాలతో పందిరి కిందికి వచ్చాడు. "మున్షీ సారెవలు?" అని అడిగాడు.

మా ఆయన నా వైపు వేలు చూపించాడు. ఆ వేలు నా మీద, బల్ల మీద, గోడ మీద తిరుగుతోంది. వచ్చినతనికి అర్థం కాలేదు, "ఎవలూ?" అన్నాడు మళ్లీ. అప్పుడు ఈయన రెండో చేత్తో ఆ మణికట్టును గట్టిగా పట్టుకుని, వేలు కదలకుండా ఆపి, నన్ను చూపించాడు.